గ్రీజు పెట్టిన తర్వాతే బొట్టు

ముప్పై మూడేళ్లు లెక్కలు బోధించి ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసిన నేను రెండింటిని మాత్రం సహించలేను: వంకరగా గీసిన మార్జినునూ, ఆలస్యంగా మోగిన గంటనూ. కోరుట్లలోని మా ఇల్లు నేటికీ ఆ క్రమశిక్షణతోనే నడుస్తుంది. పెగడపల్లి దగ్గర మా అత్తగారి ఊళ్లోని వ్యవసాయం మాత్రం మా మరిది పద్ధతిలో నడిచేది. అంటే, ఏ పద్ధతీ లేకుండా నడిచేది.

మరిది పదేళ్లు దుబాయిలో పనిచేసి తిరిగి వచ్చి, ఒక ట్రాక్టరూ, దాని వెనక తగిలించి దున్నే రోటవేటరూ కొన్నాడు. మా పొలం దున్నుకోవడమే కాక, నాట్ల కాలంలో ఊరివాళ్ల మడులను కూడా కిరాయికి దున్ని, నాటుకు అనువుగా మెత్తటి బురద చేసి ఇవ్వాలని అతని ఆలోచన. ఆ పనిని మా వైపు కరిగెట అంటారు. అయితే వానకాలంలో, నాట్లు ముమ్మరంగా సాగుతున్న వారంలోనే, రోటవేటరు బేరింగు పగిలింది. జగిత్యాలలో మెకానిక్ దగ్గర అది నాలుగు రోజులు పడి ఉంది. ముదిరే నారు బేరింగు కోసం ఆగదు కనుక, పిలిచిన రైతులందరూ వేరే ట్రాక్టర్లు చూసుకున్నారు.

దీపావళికి, యాసంగి అనే రెండో పంట ఇంకా మొదలుకాకముందు, మేము ఊరికి వెళ్లినప్పుడు, మరిది అన్నం ముందు కూర్చుని విషయం తేల్చి చెప్పాడు.

“ఈ యాసంగి సూస్త వదినె. బండి మంచిగ నడిస్తె ఉంట. లేకుంటె అమ్మి మళ్ల దుబాయి వోత. జగిత్యాల ఏజెంటు విజా ఉన్నదంటుండు.”

కూర వడ్డిస్తున్న నా తోటికోడలి చేతిలో గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. పదేళ్లు ఫోనులోనే సంసారం చేసిన మనిషి ఆమె. నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది.

“బండిని ఎట్ల సూసుకుంటున్నవ్?” అని అడిగాను.

“పానం లెక్క సూసుకుంటున్న. దసరాకు కడిగి, దండేసి, బొట్లు వెట్టిన. అమావాస్య అమావాస్యకు నిమ్మకాయ, కొబ్బరికాయ తప్పదు.”

అన్నాలు కాగానే కొట్టంలోకి వెళ్లి తనిఖీ చేశాను. మరిది చెప్పినది అబద్ధం కాదు. బండి అద్దంలా మెరుస్తోంది. రోటవేటరు కీళ్ల దగ్గరా, చక్రాల ఇరుసుల దగ్గరా, గ్రీజు ఎక్కించడానికి ఉండే చిన్న చిన్న మూతులు ఉంటాయి. ఏ ఒక్కదాన్నీ వదలకుండా, ప్రతి మూతి మీదా చక్కటి కుంకుమబొట్టు ఉంది.

“గివి దేనికున్నయో తెలుసా?”

“తెల్వకేంది? గ్రీజువి. సర్వీసుకు వోయినప్పుడు మెకానిక్ వెడ్తడు.”

“సర్వీసుకు ఎప్పుడు వోతవ్?”

“ఖరాబైనప్పుడు.”

“మరి గీ బొట్లు?”

“ఉత్తగ గుండీల లెక్క బయటికి కనవడ్తున్నయి, బొట్టు వెడితె ముద్దుగుంటయని!”

వెనక నిలబడిన మా ఆయన నవ్వు దాచుకోవడానికి దగ్గినట్టు నటించారు. నేను గాలి ఫిల్టరును విప్పించి నేలకు తట్టించాను. నల్లబల్ల డస్టరును దులిపినట్టు దుమ్ము లేచింది. ఊపిరాడని ఇంజను, మరిది ఎప్పుడూ వాపోయేటట్టు, నల్లపొగ ఎందుకు వదులుతున్నదో, డీజిలు ఎందుకు అంతగా తాగుతున్నదో నేను వేరే చెప్పనవసరం లేకపోయింది.

ఈ విద్య నాకు బడిలో రాలేదు. నేను సిరిసిల్ల బిడ్డను. మా నాయన మరమగ్గాల షెడ్డులో, స్విచ్చి వేయడానికి ముందు, ప్రతి ఉదయమూ నూనె డబ్బా పట్టుకుని మగ్గాల చుట్టూ తిరిగేవారు. పేరుకున్న దూది నుసిని గుడ్డతో తుడిచి, తిరిగే ప్రతి చోటా రెండేసి చుక్కలు వేసేవారు. ఇరుగుపొరుగు షెడ్లలో మగ్గాలు మొదలైనా, మా షెడ్డు ఇంకా నిశ్శబ్దంగా ఉండేది. వాళ్ల మగ్గాలు మధ్యాహ్నం ఆగినప్పుడు మావి నడుస్తూ ఉండేవి. ఆయన దీని గురించి ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు. ఆ పని నాకు వారసత్వంగా వచ్చింది.

మొదట నేను నా అలవాటు ప్రకారమే పొరబడ్డాను. ఎర్ర సిరాతో గడులు గీసి, తేదీ, గ్రీజు, నూనె, ఫిల్టరు అని శీర్షికలు రాసి, ఒక రిజిస్టరు తయారుచేసి ఇచ్చాను. రెండు వారాల తర్వాత చూస్తే అది మచ్చ లేకుండా తెల్లగా ఉంది. చివరి పేజీలు మాత్రం తోటికోడలు పొయ్యి అంటించడానికి వాడుకున్నది. బురద చేతులతో ఎవరు రాస్తారు? తప్పు పుస్తకానిదే కానీ మనిషిది కాదని ఒప్పుకోక తప్పలేదు.

అప్పుడు ఆ బొట్లు గుర్తుకు వచ్చాయి. కొత్త నియమం పెట్టాను: గ్రీజు పెట్టిన తర్వాతే బొట్టు, బొట్లన్నీ పూర్తయిన తర్వాతే అమావాస్య కొబ్బరికాయ.

“గిదైతె అల్కటి పనే!” అన్నాడు మరిది సంతోషంగా.

తర్వాతి అమావాస్యకు బస్సు దిగి నేరుగా కొట్టంలోకి వెళ్లాను. బొట్లన్నీ తాజాగా ఎర్రగా మెరుస్తున్నాయి. నేను చేతిరుమాలు తీసి ఒక బొట్టును తుడిచాను. కింద ఇసుక తప్ప జిడ్డు లేదు.

“కాపీ కొట్టినవ్.”

“ఒక్కపారికి ఏమైతది వదినె? నువ్వు బండిని గూడ ఫెయిల్ జేస్తవా?”

“బండిని కాదు, నిన్ను చేస్తున్న.”

బొట్లన్నీ తుడిపించి, మళ్లీ మొదటి నుంచి చేయించాను. కొబ్బరికాయ పట్టుకుని అరుగు మీద కూర్చున్న తోటికోడలు, “గోడకుర్చీ గూడ ఏపియ్యి అక్కా!” అని పకపకా నవ్వింది. కుంకుమభరిణెను ఆనాడే ఆమెకు అప్పగించాను. ఆ రోజు నుంచి గ్రీజు అంటిన చెయ్యి చూపించనిదే మరిదికి కుంకుమ దొరకలేదు. బడిలో అంతటి నమ్మకమైన తరగతి లీడరు నాకు ఎన్నడూ దొరకలేదు.

యాసంగి నాట్లు వచ్చాయి. నీళ్లలో, బురదలో తిరిగే రోటవేటరుకు నెలకొకసారి సరిపోదని మరిదే గ్రహించి, రోజూ పొద్దున్నే గ్రీజు పెట్టడం మొదలుపెట్టాడు. నల్లపొగ తగ్గింది. అంతకుముందు మధ్యాహ్నానికే ఖాళీ అయ్యే డీజిలు క్యాను సాయంత్రం దాకా వస్తున్నదని అతనే ఫోను చేసి చెప్పాడు. ఊళ్లో మరో రెండు రోటవేటర్లు మడుల మధ్యలోనే ఆగిపోయాయట. వానకాలంలో ఇతణ్ని వదిలి వేరే బండిని పిలుచుకున్న రైతే మళ్లీ వచ్చి, “మా మడి గూడ దున్నరాదె. నీ బండి మళ్ల జగిత్యాల వోదుగద?” అని ఎత్తిపొడిచాడట.

“ఎట్ల వోతది? మా వదినె సెలవియ్యదు” అన్నాడట మరిది.

నాట్లు ఇంకా సాగుతుండగానే మళ్లీ అమావాస్య దగ్గరపడింది. ఈసారి నేను ఒక రోజు ముందే వెళ్లాను. అరుగు మీద కూర్చుని చాయ తాగుతున్నాము. మరిది ఫోను మోగింది. జగిత్యాల ఏజెంటు. తోటికోడలి చేతిలో కప్పు కదలకుండా నిలిచిపోయింది.

“రేపా? రేపు నాతోని గాదు భాయ్, అమావాస్య. బండి పనున్నది... ఎల్లుండా? ఎల్లుండి నాలుగెకరాల కరిగెటకు మాటిచ్చిన... ఆవలెల్లుండి గూడ గంతే.” కొంచెంసేపు అవతలి మాట విన్నాడు. “గట్ల గాదు గని, ఆ విజా ఇంకెవలికన్న ఇయ్యిరి. నేను వోను.”

ఫోను జేబులో పెట్టుకుని, ఏమీ జరగనట్టు చాయ తాగాడు. తోటికోడలు లేచి లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి ఆమె చేతిలో కొబ్బరికాయ ఉంది.

“అమావాస్య రేపు కదా” అన్నాను.

“ఇయ్యాల్నే కొడ్త అక్కా.”

నియమం నియమమే. నేను లేచి, కొట్టంలోకి వెళ్లి, చేతిరుమాలుతో ఒక బొట్టును తుడిచాను. కింద కొత్త గ్రీజు నల్లగా, మెత్తగా తగిలింది. రెండోది తుడవలేదు.

“కొట్టు” అన్నాను.