నాలుగు వేళ్ళ సందు

వెనక చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య నాలుగు వేళ్ళు దూరాలి. మా అంబాసిడర్‌కి నేను పెట్టుకున్న కొలత అది. స్కేలు చూస్తే నాకు బడి గుర్తొస్తుంది. బడి నన్నూ, నేను బడినీ ఏడో తరగతిలోనే వదిలేసుకున్నాం.

పెళ్ళిళ్ళకు తిప్పే కారు. వెనక స్ప్రింగుల కమాన్ పట్టీలు కూలబడి, జంట కూర్చోగానే తోక నేల చూసేది. మొన్నొకసారి మధురవాడలో స్పీడ్‌బ్రేకర్ ఎక్కితే సైలెన్సర్ గీసుకున్న చప్పుడుకి బ్యాండువాళ్ళు వాయించడం ఆపేశారు. కార్లకి పూలు కట్టి నాకు బేరాలు పంపే ఆయన తేల్చి చెప్పేశాడు: ఇంకోసారి గీసుకుంటే వేరే కారు చూసుకుంటానని. గురువారం పెళ్ళి కూడా మధురవాడలోనే.

గాజువాకలో కమాన్ మేస్త్రి దగ్గరకి తీసుకెళ్ళి పట్టీలకి మళ్ళీ వంపు కొట్టించాను. ఊరికే నమ్మే మనిషిని కాను. ముందే మా ఆవిడ గోళ్ళరంగుతో ఒక్కో పట్టీకి చుక్క పెట్టాను.

"పెళ్ళికూతుర్ని సేసినావేటి బావా దీన్ని?" అని నవ్వాడు మేస్త్రి. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

సాయంత్రం నాలుగు వేళ్ళూ సుఖంగా దూరాయి. తెల్లారి చూస్తే రెండే.

కింద దూరి చూశాను. చుక్కలన్నీ ఉన్నాయి. అనుమానం తగ్గాలి కదా, పెరిగింది. పట్టీలు మార్చేసి, అదే రంగు కొని పూశాడన్నమాట! ఫోన్ చేశాను.

"బావా, నా పట్టీలు ఏటి సేసినావ్?"

"ఏటి సేత్తాను, పులుసెట్టుకుంటానా?"

"తెల్లారీసరికి కారు దిగిపోనాది."

"నీ వేళ్ళు లావెక్కినాయేమో సూసుకో. అప్పన్న సాచ్చి, నీ ఇనుం నీకాడే ఉంది."

దేవుణ్ణి అంత తొందరగా సాక్షికి పిలిచేవాడి మీద నాకు మరీ అనుమానం. అతని ఎదురుగానే పట్టీలు విప్పించాలని బయల్దేరాను. అలంకారం గుడ్డలకి గ్రీజు అంటుతుందని, వాటిని ఇంట్లో పడేద్దామని డిక్కీ తెరిచాను.

గుడ్డల కింద రుబ్బురోలు. దాని పొత్రం. పక్కన తిరగలి.

"అత్తా! ఇదేటి?"

మా అత్త గుమ్మంలోంచి కదల్లేదు. "నైరుతి, బాబూ."

"నైరుతేటి?"

"ఆ మూల బరువుండాల. రోలు ఎప్పుడూ ఆడే ఉండీది. కారెట్టడానికని నువ్వే పెరట్లో పడేయించినావ్. ఆనాటి నుంచీ ఇంట్లో ఒకటే దగ్గులు. నీ కారు తోక సరిగ్గా ఆ మూలకే వత్తాది గదా? నిన్న రేతిరి నానూ మా అమ్మాయీ సెక్కబల్ల ఏసి డిక్కీలోకి దొర్లించినాం."

"పెళ్ళికూతురితో పాటు రోలూ ఊరేగాలా?"

"రోలుకేటి తక్కువ? నీ కారు కన్నా పాతది."

ముగ్గురం కలిసి దించాం. ఒక్కో రాయి దిగుతుంటే తోక లేచింది. నాలుగు వేళ్ళు. మేస్త్రికి ఫోన్ చేసి, ఈసారికి నమ్ముతున్నానని చెప్పాను.

"వేళ్ళు సన్నబడ్డాయేటి?" అన్నాడు.

గురువారం స్పీడ్‌బ్రేకర్ మీద వినిపించింది బ్యాండు ఒక్కటే.

రోలు మళ్ళీ నైరుతి మూలకి చేరింది. కారు దాని ముందు ఆగుతుంది. ముక్కు వీధిలోకి ఉండటంతో గేటు పడదు. రోజూ పొద్దున్నే వేళ్ళు పెట్టి చూస్తాను. నాలుగూ దూరినా సరే, డిక్కీ కూడా తెరిచి చూస్తాను. గుమ్మంలోంచి అత్త నన్నే కనిపెట్టుకుని ఉంటుంది, రోలు ఎక్కడ ఎత్తుకుపోతానో అని.