తువ్వాలు గుడ్డ జెర్సీలు

రాసుకో బిడ్డా, నా మొగుడిని గ్రౌండులో అందరూ హెడ్ కోచ్ అనేవారు. కాలేజీ కాగితాల్లో మాత్రం ఆయన తాత్కాలికపు మనిషి. ఎన్నేళ్లు చేసినా ఏటేటా కొత్త ఆర్డరే. పొద్దున పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పేవాడు, మధ్యాహ్నం నుంచి సాంచాల మీద, అదే మరమగ్గాల మీద, తువ్వాళ్లు నేసేవాడు. నేను సోలాపూర్‌లో మన తెలుగువాళ్లుండే నీలం నగర్‌లో ఇంటి గడపలో కూర్చుని బీడీలు చుట్టేదాన్ని.

ఆ ఏడు ప్రిన్సిపాల్ మాట ఇచ్చాడు, యూనివర్సిటీ కప్పు తెస్తే పర్మినెంట్ చేస్తానని. జట్టు ఫైనల్ దాకా పోయింది. అప్పటికి జెర్సీలు చిరిగి పీలికలయ్యాయి. కొత్తవి అడిగితే ఆఫీసులో నవ్వి పంపారు. ఇది కూడా రాయి బిడ్డా, నవ్వి పంపారు.

ఆయన వచ్చి ఆ సంగతి చెబితే, పక్కింటి వదిన బీడీకి దారం చుడుతూనే అందుకుంది.

"సోలాపూర్ల ఉండి బట్టకు బిచ్చమెత్తుతవా అన్నా? ఇజ్జత్ పోదా?"

అంతే, గల్లీ ఆడవాళ్లమంతా లేచాం. ఆయన పనిచేసే సాంచాల సేటు దగ్గర నేత తప్పుపడి పక్కన పడేసిన నీలం రంగు తువ్వాలు గుడ్డ ఉంటే అడిగి తెచ్చుకున్నాం. బీడీల చాట అవతల పెట్టి, పదకొండు జెర్సీలు మిషన్ మీద నేనే కుట్టాను. పాతవి కోసి పొయ్యి దగ్గర మసిగుడ్డలు చేసేశాను.

ఆయన ఒక జెర్సీ తీసుకుని పిడికిట్లో నొక్కి చూశాడు. మబ్బు వైపు చూశాడు.

"మంచిగున్నయా?" అన్నాను.

"మంచిగనే ఉన్నయే."

ఫైనల్‌లో మొదటి సగం మావాళ్లదే పైచేయి, ఒక గోల్ ముందున్నారు. తర్వాత వాన పడింది. ఆ గుడ్డ తాగింది చూడు నీళ్లు! జెర్సీల చేతులు సాగి వేళ్లు దాటాయి, అంచులు మోకాళ్లకు వేలాడాయి. పిల్లలు బరువుకు రొప్పుతున్నారు. విప్పేస్తామంటే రెఫరీ ఒప్పుకోలేదు. జనంలోంచి ఎవడో మన తెలుగువాడే అరిచాడు, "అరే, ఆట బంద్ జెయ్యిండ్రి, పిండి ఆరేసుకోండ్రి!" గ్రౌండంతా నవ్వింది. మా మీద మూడు గోల్స్ పడ్డాయి, కప్పు పోయింది.

కాలేజీ పరువు తీశాడని ఆయనకు ఆ ఏడు ఆర్డరు ఇవ్వలేదు. ఒక్క జెర్సీ కొనివ్వని వాళ్లకు పరువట! మళ్లీ ఏ కాలేజీ పిలవలేదు. రెండు పూటలా సాంచాల దగ్గరే నిలబడి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు.

మంచం పట్టాక ఒకరోజు అడిగాను.

"ఆ గుడ్డ అట్ల నీళ్లు తాగుతదని నీకు ఎరుకనేనా?"

"దినాం నేసెటోన్ని. ఎరుక లేకుంట ఎట్లుంటదే?"

"మరి నోరెందుకు మూసుకున్నవ్?"

"గల్లీ అంత సంబురపడ్తుండె. ఎట్ల చెప్పాలె?"

పిల్లవాడు ఒక పాస్ తప్పిస్తే గ్రౌండు అదిరేలా అరిచే మనిషి. నాకు ఒక్క మాట చెప్పలేకపోయాడు. ఎంత మంచివాడో అని ఇప్పుడు అందరూ అంటారు. నేను అనను. ఆనాడే తిట్టి ఉంటే రెండు రోజులు అలిగి, మళ్లీ కూర్చుని మామూలు గుడ్డతో కుట్టేదాన్ని. తన నౌకరీని నా చేత్తో మునగనిచ్చి, అది నాకు తెలియకుండా దాచాడు. దాన్ని మంచితనం అంటారా?

ఆ మాట విన్న రోజు, ఎప్పుడూ నేనే ఇచ్చే మందు ఆయనకు ఇవ్వలేదు. కూతురిని ఇవ్వమన్నాను.