మొరిషితా సార్ తాగని చాయ్

మా లస్మయ్యన్న చాయ్‌కి ఎవడన్న వంక వెడితె నేనూరుకోను. నాకు కోపమెక్కువ, ముందే చెప్తున్న. ఇప్పుడు దుబాయ్ పోయొచ్చిన పోరగాండ్లు, మిషన్ గుండీ ఒత్తితె చాయ్ వస్తదని గొప్పలు చెప్తరు. రానియ్యి. వాళ్ళు లస్మయ్యన్న చాయ్ తాగలే, వాళ్ళ కర్మ.

డెబ్బై తొమ్మిదిల ముచ్చట. మా ఊరోళ్ళు దుబాయ్ అంటరు గని మేమున్నది కతార్‌ల. నూనె పైసలు దిగుతున్న కాలం, ఏ దిక్కు జూసినా క్రేన్లే. అల్ వక్రా ఊరు దాటినంక సముద్రం ఒడ్డుకు, ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేసే ప్లాంటు కడుతుండె ఒక జపాన్ కంపెనీ. అండ్ల నేను టైంకీపర్ను. పేరు జలంధర్. లస్మయ్యన్న సిమెంటు బస్తాలు మోసే పనికి వచ్చిండు. ఒకనాడు ఆఫీసుల చాయ్ చేసేటోడు జ్వరంతోని పండుకుంటె ఈయన పొయ్యి ముట్టిచ్చిండు. జగిత్యాల బస్టాండ్ హోటల్ల పదేండ్లు చాయ్ కాసిన చెయ్యి అది. మల్ల ఆయనను బస్తాల దిక్కు ఎవ్వలు పోనియ్యలే.

మనిషి బంగారం. ఒక్కటే పిచ్చి, ఎంగిలి పట్టింపు. క్యాంపుల పదిమందికి ఒక్కటే జగ్గు. ఎంత దూపైనా జగ్గు ఎత్తి, ఆకాశం దిక్కు నోరు తెరిచి గటగట పోసుకుంటడు. పెదవి ఆనది, ఒక్క చుక్క అంగీ మీద పడది. ఊర్లె పెండ్లాం, మా గంగామణి వదినె, తాగిన గ్లాసు సుత కడగంది ముట్టడు. లగ్గమై పద్దెనిమిదేండ్లాయె, ఇదే తీరు. వదినె దీనికి ఎన్నిసార్లు తిట్టిందో లెక్కలేదు.

మా సైట్ పెద్దసారు మొరిషితా. మెత్తటి మనిషి, మాట తక్కువ. రోజు పదిగంటలకు లస్మయ్యన్న అల్లం దంచి, డబ్బా పాలు చిక్కగ పోసి, చాయ్ ఆయన బల్ల మీద వెట్టి వచ్చేటోడు. అర్ధగంటకు పోతె ఖాళీ గ్లాసు. ఏడాదిన్నర ఒక్కనాడు సుత చుక్క మిగలలే. లస్మయ్యన్నకు కండ్లు నెత్తికెక్కినయి. అప్పుడు ఫోన్లు ఎక్కడియి, నజ్మా బజార్ల క్యాసెట్ కొని, అండ్ల మాట్లాడి, ఇంటికి పొయ్యేటోని చేతికిచ్చి పంపుతుంటిమి. ఆ క్యాసెట్ల అన్న చెప్పిండు, "గంగామణీ, జపాన్ దొర నా చాయ్ కడుపుల పడకుంటె కాయితం ముట్టడు" అని. వదినె ఆ ముక్క వాడకట్టు మొత్తానికి వినిపిచ్చిందట.

అట్లున్నప్పుడు, సారు కారు నడిపే గులాం నబీ నెల దినాల చుట్టికి పెషావర్ పోయిండు. తెల్లారి సారు బల్ల మీద గ్లాసు నిండుగ ఉన్నది, మీద మీగడ కట్టింది. రెండోనాడు నిండుగనే. మూడోనాడు అంతే. లస్మయ్యన్న ముఖం చూడబుద్ధి కాలే.

"పాలు మంచియి కావా? అల్లం ఎక్కువైందా? నువ్వు అడుగు జలంధర్. నాకు ఇంగ్లీష్ రాదు" అన్నడు.

నేను పోయి అడిగిన. సారు కుర్చీలకెళ్ళి లేచిండు, నడుం వంచి తల దించిండు. సారు చెప్పిన ముచ్చట ఇది. ఆయనకు పాలు పడయి. "మిల్క్, స్టమక్, మాఫీ" అన్నడు కడుపు మీద చెయ్యి వెట్టుకొని; మాఫీ అంటె అక్కడి అరబ్బీల లేదు, కాదు అని. ప్రేమతోని తెచ్చిచ్చినోనికి వద్దని చెప్పుడు వాళ్ళ దేశంల పద్ధతి కాదట. అందుకని ఏడాదిన్నర సంది ఆ చాయ్ గులాం నబీ తాగుతున్నడు. వాని పొట్ట ఎందుకు పెరిగిందో అప్పుడు సమజైంది నాకు.

లస్మయ్యన్న పొయ్యి ముందర పీట మీద కూలవడ్డడు. "అబద్ధం క్యాసెట్ల పడ్డది జలంధర్. ఊరంత విన్నది. గంగామణికి ఏం ముఖం చూపెట్టాలె?" అన్నడు. కండ్లల్ల నీళ్ళు. నాకు అయ్యో అనిపిచ్చింది, నవ్వు సుత వచ్చింది. నవ్వితె కొడ్తడని నవ్వలే. సారు ఇంకో ఇరువై దినాలకు జపాన్ పోతున్నడు, మల్ల రాడు. ఆలోపల ఒక్కసారన్న ఆయన తన చాయ్ తాగాలె. లస్మయ్యన్నకు తిండి వద్దు, నిద్ర వద్దు, అదే రంది.

సారు ఊకోలే. తప్పు తనదే అని, శుక్రవారం లస్మయ్యన్నను, తోడుకు నన్ను, అల్ వక్రాలోని తన ఇంటికి పిలిచిండు. వాళ్ళ దేశం చాయ్ తన చేతులతోని చేసి పోస్తనన్నడు. అన్న తలకు నూనె వెట్టుకొని, ఇస్త్రీ అంగీ తొడుక్కొని వచ్చిండు.

సోఫాలు ఒకపక్కకు జరిపి సాప పరిచిండ్రు. సారు, ఆయన భార్య మోకాళ్ళ మీద కూసున్నరు. మేము గట్ల కూసుంటె రెండు నిమిషాలకు కాళ్ళు తిమ్మిరెక్కినయి, కాళ్ళు మడిచి సక్లంముక్లం వెట్టుకున్నం. ఇగ సారు మొదలువెట్టిండు. బట్టను మడత మీద మడత వెట్టి డబ్బా తుడిచిండు. కడిగిన గిన్నెను మల్ల మా ముందర కడిగిండు. డబ్బల ఆకుపచ్చ పొడి, అచ్చం మన కరివేపాకు పొడే. చెక్క చెంచతోని అది వేసి, వేడినీళ్ళు పోసి, వెదురు పుల్లల కుంచెతోని మెల్లగ కలిపిండు. పావుగంటైనా ఒక్కలు మాట్లాడలే. నాకు చిరాకైతుంది, చాయ్‌కి ఇంత పూజా అని. పక్కకు జూస్తె లస్మయ్యన్న రెప్ప కొట్టకుంట సారు చేతుల దిక్కే చూస్తున్నడు.

"ఈయన పనిమంతుడు" అన్నడు నా చెవుల.

అందరికి ఒక్కటే గిన్నె. ముందుగాల పెద్ద చుట్టం తాగాలె, అంచు తుడిచి పక్కోనికి ఇయ్యాలె. ఆఖరి గుక్క సప్పుడు చేసి పీలిస్తె చేసినోనికి తృప్తి. ఇదంత సారు ఇంగ్లీష్‌ల చెప్తె నేను అన్నకు చెప్పిన. పెద్ద చుట్టం ఎవలనుకున్నరు? లస్మయ్యన్నే. సారు గిన్నెను చేతుల తిప్పి ఆయన ముందర వెట్టి తల వంచిండు.

అన్న గిన్నె దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. తాను మూతివెట్టినంక అదే గిన్నె నాకు, సారు భార్యకు ఎట్లియ్యాలె? మర్యాద గల్ల మనిషాయె. అలవాటు ప్రకారం గిన్నె ఎత్తిండు, నోరు తెరిచిండు. గని అది చాయ్ కాదు, గోడకు పూసే రంగంత చిక్కగున్నది. ఎంత వంచినా దిగదు. ఇంకింత వంచిండు. ఒక్కసారే ముద్దలెక్క దిగి ముక్కు మీద, మీసాల మీద, ఇస్త్రీ అంగీ మీద పడ్డది.

నాకు పానం పోయింది. సారు భార్య కొంగు లెక్క వేలాడే అంగీ చెయ్యి నోటికి అడ్డం వెట్టుకున్నది. సారు మాత్రం నవ్వలే, ఎందుకట్ల తాగిండని అడిగిండు. "తర్వాత తాగేటోళ్ళకు ఎంగిలి కావద్దని" అని నేను చెప్పిన. సారు మిగిలినదాన్ని తాను సుత ఎత్తి పోసుకున్నడు. ఆయన గడ్డం, మెడ పచ్చగైనయి. అప్పుడు నవ్వినం అందరం, కడుపు నొచ్చెదాక.

వాపసు బండిల లస్మయ్యన్న మీసాలు నాక్కుంట అన్నడు, "చేదు ఇసం. పాలు లేవు, చక్కెర లేదు. గది తాగేటోడు సులేమాని ఎందుకు తాగడే?"

"నువ్వు ఎన్నడన్న చేసిచ్చినవా?" అన్న నేను.

ఇగ సూడు, అన్నకు కోపమొచ్చింది. పాలు లేని నల్ల చాయ్ చుట్టానికి పొయ్యాల్నా, పాడి లేని ఇల్లనుకోరా, నామోషి కాదా అని కతార్ మొత్తం వినబడేటట్టు లొల్లి చేసిండు. నేను సుత తగ్గలే. "నీ నామోషి నువ్వే తాగు. మీ దొర ఇమానమెక్కి పోతడు, నీ అబద్ధం క్యాసెట్ల ఉంటది" అన్న. రెండు వారాలు మాకు మాటల్లేవు.

సారు పొయ్యేనాడు పొద్దుగాల అన్న నా తలుపు కొట్టిండు. "నీ టేపురికార్డర్ తే" అన్నడు, అంతే.

ఆఫీసుల పోయి చూస్తె, గ్లాసును మూడుసార్లు కడిగి, తెల్ల బట్టతోని మెల్లగ తుడుస్తున్నడు, అచ్చం సారు తుడిచినట్టే. పాలడబ్బా మూత సుత తియ్యలే. ఆకు వేసి, రెండు యాలకులు, నిమ్మ చుక్క. రంగు ఎర్రగ మెరుస్తున్నది. సారు ముందర వెట్టి, గ్లాసు తిప్పి, తల వంచిండు. నేను టేపు గుండీ ఒత్తిన.

సారు గ్లాసు రెండు చేతులతోని వట్టుకున్నడు. ఒక గుక్క తాగి ఆగిండు. మల్ల తాగిండు. సగానికి వచ్చినంక సుర్రుమని గట్టిగ పీల్చిండు. జేబురుమాలుతోని అంచు తుడిచి, గ్లాసు తిప్పి, లస్మయ్యన్న ముందర వట్టిండు.

అన్న గ్లాసు తీసుకున్నడు. ఎత్తలే. పెదవి ఆనిచ్చి మొత్తం తాగిండు, ఆఖరికి సుర్రుమనిపిచ్చిండు. నేను టేపుల చెప్పిన, "వదినె, మొదటి సుర్రు దొరది, రెండోది మా అన్నది. గ్లాసు ఒక్కటే" అని.

రెండు నెలలకు వదినె క్యాసెట్ వచ్చింది. అన్న, నేను మంచం మీద కూసొని పెట్టుకున్నం. పొలం ముచ్చట చెప్పింది, బర్రె ఈనింది అన్నది. ఆఖరికి కొద్దిసేపు ఉత్త గరగర. అటెన్క వదినె గొంతు.

"దొర ఎంగిలి మంచిగనే తాగినవు. ఇంటికి రా. సులేమాని చేసి సగం నేను తాగి ఇస్త. సుర్రుమని సప్పుడు వినబడాలె."

లస్మయ్యన్న సిగ్గుతోని తువ్వాల ముఖం మీద కప్పుకున్నడు. క్యాసెట్ వెనుకకు తిప్పి మల్ల పెట్టమన్నడు.