జోసెఫ్ గారి ఆత్రియుం

గరుకు సిమెంటు నేల మీద సుద్దముక్క కీచుమంటే చాలు, నాకు జోసెఫ్ గారు గుర్తొస్తారు. నిన్న మస్కట్ దగ్గరి ఖురియాత్‌లో కొత్త ఇంటి సిమెంటు పునాది మీద గదులు గీస్తుంటే అదే చప్పుడు, అదే పొడి వాసన. పనివాళ్లు చూస్తున్నా నవ్వు ఆపుకోలేకపోయాను.

ఆయనది గుంటూరు. కుర్రతనంలో ఫాదర్ అవుదామని సెమినరీలో చేరి, లాటిన్ వంటబట్టాక మనసు మార్చుకుని ఇళ్ల ప్లాన్లు గీసే పనిలోకి వచ్చేశారు. మస్కట్ ఘాలా పేటలో మా చిన్న కంపెనీకి ఆయనే హెడ్ డ్రాఫ్ట్స్‌మన్. ఉండేది ఒక్క గదిలో. అందులోనే, ఆయన లాటిన్‌లో, మంచం మూల కుబికులుం, స్టవ్ మూల కులీనా. బయట కంపెనీ బస్సు కోసం జనం గుమిగూడే చోటు ఫోరుం. ఒక్క గదికి ఇన్ని పేర్లెందుకని నేను వేళాకోళం చేస్తే, "పేరు పెట్టి పిలిస్తేనే గదైనా పలుకుద్దమ్మా" అనేవారు. అంతా బడాయి అనుకునేదాన్ని.

అప్పుడు నేను వరంగల్ నుంచి కొత్తగా వచ్చి ప్రొబేషన్ మీద ఉన్నాను. ఒక ఒమానీ పెద్దమనిషి ఇంటి ప్లాన్ నా చేతికిచ్చారు. ఆయనకు నచ్చితే ఉద్యోగం ఖాయం, లేదంటే తిరుగు టికెట్టే. మన అలవాటు ప్రకారం నడిమధ్య పెద్ద హాలు గీసి వీధి తలుపు, వంటగది, పడకగదులు అన్నీ అందులోకే తెరిచాను. హాలు లేనిది ఇల్లెలా అవుతుంది!

జోసెఫ్ గారు ప్లాన్ చూసి సుద్దముక్క తీసుకున్నారు. గోడౌన్‌కు తీసుకెళ్లి అసలు కొలతలతో నేల మీద సుద్దతో గీయించారు. నన్ను వంటగదిలో నిలబెట్టి, తాను అతిథిలా బయట చెప్పులు విప్పారు. "వెస్తీబులుం" అంటూ గుమ్మం గీత దాటారు. "ఆత్రియుం" అంటూ హాల్లో చతికిలబడ్డారు. తర్వాత మెడ తిప్పి చూశారు.

"కులీనాలో నువ్వు కనబడతన్నావమ్మా. కుబికులుం కూడా కనబడతంది. నేను పరాయోణ్ణి. నేను లేచెళ్లిందాకా ఈ ఇంట్లో ఆడోళ్లు ఎక్కడుండాల?"

అప్పుడు తట్టింది నాకు. ఇక్కడ అతిథులు కూర్చునే మజ్లిస్‌కు బయటినుంచే వేరే తలుపు ఉంటుంది, ఇంట్లోవాళ్ల పని ఇంట్లో సాగిపోతుంది. అప్పటికే రెండు మూడు మజ్లిస్‌లలో ఖహ్వా, అదే అరబ్బు కాఫీ, తాగాను కానీ, తలుపు ఎటుందో ఏనాడూ గమనించలేదు.

పాత గీతలు తుడిచి మళ్లీ గీశాను. ఆయన మళ్లీ చెప్పులు విప్పారు. ఈసారి మజ్లిస్‌లో కూర్చుంటే ఆయనకు గోడ తప్ప ఏమీ కనబడదు. ఎంతో తృప్తిగా ఖహ్వా తెప్పించమన్నారు.

ప్లాన్ చూడటానికి వచ్చిన ఇంటాయన, కాగితం మీద వేలితో ముందుగా మజ్లిస్ తలుపులోంచే లోపలికి వెళ్లారు. ఆ వేలు కదిలినంతసేపూ దాన్నే చూస్తున్నాను. పక్కన జోసెఫ్ గారి పెదాలు కదులుతున్నాయి: వెస్తీబులుం, ఆత్రియుం... చివరికి ఇంటాయన తల ఊపారు. నేను మస్కట్‌లో ఉండిపోయాను. జోసెఫ్ గారంటే నాకు ఇప్పటికీ అంత ప్రేమ.

ఆయన రిటైరై గుంటూరు చేరారు. నిన్న వీడియో కాల్‌లో ఖురియాత్ గీతలు చూపించాను. ఇల్లు ఎవరిదనీ, ఎంత పెద్దదనీ అడగలేదు.

"చెప్పులు విప్పావా అమ్మా?" అన్నారు.

ఫోను కిందికి తిప్పి, సుద్ద అంటిన నా పాదాలు చూపించాను.