ఏడో మంచం అంకె

ఆ ఆసుపత్రిలో ఆమెను అందరూ వైరక్క అనేవారు. ఏ కంప్యూటరుకు, ఏ ఫోనుకు ఇంటర్నెట్ ఎలా అందాలో చూసుకునేది ఆమే. పట్టు పట్టిందంటే ఉడుంపట్టే.

కొత్తగా రంగులేసిన గుండెజబ్బుల వార్డులో మానిటర్లన్నీ వైఫై మీదే నడవాలని సూపరింటెండెంటు తేల్చేశాడు. పెద్ద డాక్టరే, కానీ గోడకు చిల్లు పెడతామంటే ప్రాణం పోయినంత పని ఆయనకు. ఇక్కడేమో సాయంత్రం నాలుగింటికి రోగుల బంధువులు రాగానే నర్సుల గదిలోని తెర మీద గుండె అంకెలు ఆగిపోతున్నాయని హెడ్ నర్సు వారం నుంచీ మొత్తుకుంటోంది. ఆ అంకెలు చూసే కదా నర్సులు పరుగెత్తేది! వైరక్కకు ఒళ్లు మండింది.

కుర్చీలో కూర్చుని ప్లాను గీసే రకం కాదామె. మూడు రోజులు నాలుగింటికల్లా వరండాలో బెంచీ మీద కూర్చుని, ఎవరు ఏ వైఫై వాడుతున్నారో చూసింది. ఇంకేముంది, బంధువులంతా మానిటర్లు నడిచే స్టాఫు వైఫైలోనే ఉన్నారు. పాస్‌వర్డు ఎవరిచ్చారని నిలదీస్తే హెడ్ నర్సే నీళ్లు నమిలింది. ఇంటి దగ్గరున్న పిల్లలకు తండ్రి మొహం చూపించాలని ఒకావిడ ఏడిస్తే చెప్పిందట. అది ఆ నోటా ఈ నోటా వార్డంతా పాకింది. తిట్టబోయిన వైరక్క సూపరింటెండెంటు గదికి నడిచింది.

బంధువులకు అసలు ఇంటర్నెట్టే వద్దన్నాడు సూపరింటెండెంటు. కుదరదంది వైరక్క. వాళ్లకొక వైఫై, డాక్టర్లకూ నర్సులకూ వేరొకటి, మానిటర్లకు మాత్రం మంచం మంచానికీ వైరు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

మర్నాడు నాలుగున్నరకు ఆయన్ని బతిమాలి నర్సుల గదికి తీసుకొచ్చింది. తెర మీద ఏడో మంచం గుండె డెబ్బై ఆరు.

"బాగానే ఉందిగా," అన్నాడాయన.

"ఒకసారి వెళ్లి మంచం చూసి రండి సార్."

విసుక్కుంటూనే వెళ్లాడు. మంచం ఖాళీ. అందులో ఉన్న ముసలాయన్ని పావుగంట కిందటే ఇంటికి పంపేశారు. సూపరింటెండెంటు తిరిగొచ్చి తెర చూశాడు. ఇంకా డెబ్బై ఆరే.

"వైర్లకు ఎంతసేపు పడుతుంది?"

"రేపు సాయంత్రానికి అయిపోతుంది సార్."

ఆయన తెర ఆపేశాడు. మంచానికొక నర్సును నిలబెట్టమని హెడ్ నర్సుకు చెప్పి, తాను మొదటి మంచం పక్కకు స్టూలు లాక్కుని, రోగి మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు.