మా వాకిట్లోకొచ్చిన తిమింగలం

మనవరాలు కొత్త గొడుగు అడిగితే, ఈ వానలకు ఇది చాలని నీలం ప్లాస్టిక్ పట్ట కత్తిరించి ఇచ్చాను. ఆ వాసనకు, సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న చిక్కపేటలో నా చిన్నతనం గుర్తొచ్చింది.

ఒకరోజు మా సందులోకి ఊరేగింపు వచ్చింది. అలాంటి పట్టతోనే చేసిన పెద్ద చేపను కర్రల మీద మోస్తున్నారు. వాకిట్లోకి దేవుడొస్తే మోసేవాళ్ల కాళ్లకు నీళ్లు పోయాలి. ఆ రోజు కొళాయి రాకపోయినా, వచ్చింది దేవుడే అనుకుని ఇంట్లో ఉన్న ఒక్క బిందెడు నీళ్లూ అమ్మ పోసేసింది. లోపల తమ్ముడు జ్వరంతో మూలుగుతున్నాడు. "వాణ్ణి కాపాడు సామీ" అని నేను చేపకు మొక్కుకున్నాను.

మోస్తున్న ఒక అక్క నవ్వింది. "దేవుడు కాదు పాపా, తిమింగలం. సముద్రంలో ఉంటాది. వేటాడి చంపేస్తా ఉండారు, దీన్ని మనమే కాపాడల్ల."

నేను అమ్మ కొంగు లాగాను. "దేవుడు కాదంటమ్మా. మరి తమ్ముడి సంగతి?"

"నీళ్లు పోసేసినాం కదే. ఎవురైతే ఏం, గమ్మునుండు."

నాకేమీ అర్థం కాలేదు. కాపాడమని నేనడిగితే, అదే తనను కాపాడమని మా వాకిటికొచ్చిందట.

మర్నాడు తమ్ముడికి జ్వరం దిగింది. అమ్మ గుళ్లో టెంకాయ కొట్టింది. తన ప్రాణానికే దిక్కులేనిదాన్ని తమ్ముడి ప్రాణం అడిగానని పెద్దయ్యాక తెలిసింది. జ్వరం దిగిన ఆ రోజు మాత్రం, తిమింగలముండే సముద్రం ఎటువైపుంటుందో తెలియక, మేడెక్కి నాలుగు దిక్కులకూ దండం పెట్టాను.