మసక చీకట్లో కొమురెల్లి గొంతు

మానుకోటలో మా వాడకు చివరి ఇల్లు రూతక్కది. ఆ ఇంటి వెనక గోడ దాటితే రైలు పట్టాలే. కాజీపేట నుంచి వచ్చే బండ్లు, డోర్నకల్ వైపు పోయే బండ్లు రోజంతా ఆ గోడను వణికిస్తుంటాయి. పెళ్లయి వచ్చిన కొత్తలో బండి చప్పుడు వినగానే రూతక్క మాట ఆపి, అది వెళ్లాక మళ్లీ అందుకునేదట. నేను ఆమె పక్కింట్లో అద్దెకు దిగేనాటికి ఆపడం మానేసింది. చప్పుడులో సగం మాటలు పోయేవి. పెదవులు చూసి మేమే అర్థం చేసుకునేవాళ్లం.

ఆమెది కుట్టుపని. వాడలో ఆడవాళ్ల జాకెట్లన్నీ ఆమె మిషన్ మీదే తయారయ్యేవి. భర్త కొమురెల్లి బోర్డులు రాసే పెయింటర్. కిరాణం దుకాణాలు, స్కూళ్లు, లారీల వెనక డాలా తలుపులు, ఏదైనా సరే అతని కుంచె పడితే అక్షరం నిండుగా నిలబడేది. బాప్తిస్మం తీసుకున్నాక పేరు మార్చుకొమ్మని పాస్టరయ్య అడిగితే ఒప్పుకోలేదు. "మా అవ్వ కొమురెల్లి మల్లన్నకు మొక్కుకుంటె పుట్టిన. పేరు మారిస్తె ఆమెకు నా మొఖం ఎట్ల జూపెట్టాలె అయ్యగారూ?" అన్నాడు. ఆయన మళ్లీ అడగలేదు.

ఫ్లెక్సీలు వచ్చాక కుంచె పని పలచబడింది. కొమురెల్లి గొణుక్కుంటూ కూర్చునే మనిషి కాదు. జనగామలో ఎవరో ఇంటర్నెట్ సెంటర్ మూసేస్తుంటే పాత కంప్యూటర్ ఒకటి కొని, తువ్వాలలో చుట్టి, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఫ్లెక్సీలు తనే తయారు చేస్తానన్నాడు. కానీ ఆ పెట్టె మీద అతను మొదట నేర్చుకున్నది క్రిస్మస్ చేయడం.

అది రెండువేల ఎనిమిది. ఆ ఏడు వాడంతా అతని ముందు గదిలోనే ఉంది. తెర మీద మానుకోట బొమ్మ వేశాడు. స్టేషను, పట్టాల పక్కన గడ్డివాము, దాని మీద పెద్ద చుక్క. వాటన్నిటి మీద మంచు కురుస్తుండేది. మా జన్మలో చూడని మంచు మా స్టేషను మీద పడుతుంటే పిల్లలు నోళ్లు తెరిచి చూసేవాళ్లు. పాటలు పెట్టేవాడు. ఒక్కొక్కరి ఫొటో తీసి, పక్కన దేవదూత రెక్కలు అంటించి, కార్డులు చేసి ఇచ్చేవాడు. మా ఎదురింట్లో ఉండే గోరీ, లంబాడా తండా నుంచి వచ్చి ఇక్కడ కూరగాయలు అమ్ముకునేది. ఆమెకు క్రిస్మస్ లేదు. అయినా ఆమెకూ రెక్కలు పెట్టాడు. ఆ కార్డు గోరీ ఇంట్లో దేవుని పటాల పక్కన ఉండేది.

"ఈ యేడుది ఏం జూసిండ్రు? వచ్చే క్రిస్మస్‌కు జూడుండ్రి," అనేవాడు.

మరుసటి ఏడు జూలైలో పెళ్లివాళ్ల ఫ్లెక్సీ ఒకటి కరెంటు స్తంభానికి కడుతుంటే గాలివాన వచ్చింది. తడిసిన గుడ్డ తెరచాపలా ఉబ్బి నిచ్చెనతో పాటు కొమురెల్లిని లాగేసింది. వరంగల్ దవాఖానకు తీసుకుపోతుండగా దారిలోనే ప్రాణం పోయింది.

రూతక్క కంప్యూటర్ మీద తన పాత చీర కప్పింది. మిషన్‌ను దానికి వీపు పెట్టేలా తిప్పుకుంది. ఏడవడం మేమెవరం చూడలేదు. మిషన్ చప్పుడు మాత్రం పొద్దున మొదలైతే చీకటి పడేదాకా వినిపించేది.

ఆ సంవత్సరం చివర్లో తెలంగాణ అంతా రోడ్ల మీదికి వచ్చింది. కాలేజీలు బంద్, బస్సులు బంద్. డిసెంబరు తొమ్మిది రాత్రి ఢిల్లీ నుంచి తెలంగాణ ఇస్తామన్న మాట రాగానే మా వాడలో పటాకులు కాల్చారు. మర్నాడు పిల్లలు గోడల మీద రాతలు రాస్తూ, "కొమురెల్లన్న ఉంటే ఎంత ముద్దుగ రాస్తుండె," అనుకుంటున్నారు. రూతక్క గడపలో నిలబడి విన్నది. లోపలికి వెళ్లిపోయింది.

ఇంటర్ చదువుతున్న కూతురు సుమిత్ర కాలేజీ లేక ఇంట్లోనే ఉంది. తల్లి వద్దంటున్నా ఒకరోజు చీర తీసి, దుమ్ము తుడిచి, కంప్యూటర్ పెట్టింది. తెర మీద మానుకోట వచ్చింది. మంచు కురుస్తూనే ఉంది. సుమిత్ర దాన్ని ఆపలేకపోయింది. అట్లాగే వదిలేసి మా ఇంటికి వచ్చి కూర్చుంది.

క్రిస్మస్‌కు ఇంకా కొన్ని రోజులున్నాయి. దీపాలు పెట్టే వేళ. రూతక్క ఒక్కతే మిషన్ మీద వంగి, ఎవరిదో పండగ గౌను అంచు కుడుతోంది. వెనక నుంచి కొమురెల్లి పిలిచాడు.

"రూతూ... ఇంటి మీద చుక్క కట్టినవా? నువ్వు ఎక్కకు, పడ్తవ్. నేనొచ్చి కడ్త."

ఆమె కేక మా ఇంట్లోకి వినిపించింది. నేను, సుమిత్ర పరుగెత్తాం. సూది ఆమె వేలిలో దిగి ఉంది. నెత్తురు తెల్ల గౌను మీద పడుతోంది. ఆమెకు ఆ ధ్యాసే లేదు.

"మీ నాయినొచ్చిండు. ఎక్కకు అన్నడు," అంది సుమిత్రతో. "పడ్తవ్ అన్నడు."

గదిలో ఎవరూ లేరు. తెర మీద మంచు పడుతోంది. గోరీ కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. "నేను గూడ ఇన్న," అంది మెల్లగా. "కూరగాయల గంప దించుతున్న. కొమురెల్లన్న గొంతే."

రూతక్క ఒక్కతే విన్నదంటే భ్రమ అనుకునేదాన్ని.

మర్నాడు పొద్దున సుమిత్ర కంప్యూటర్ ముందు కూర్చుని వెతికింది. కొమురెల్లి చనిపోవడానికి ముందటి వేసవిలో, మేమెవరం ఎరగకుండా తన గొంతు రికార్డు చేసిపెట్టుకున్నాడు. క్రిస్మస్ వారంలో రోజూ సాయంత్రం ఒక్కో మాట దానంతటదే పలికేట్టు అమర్చాడు. వచ్చే క్రిస్మస్‌కు చూడుండ్రి అన్నది దీని గురించే. పెట్టె ఆన్‌లో ఉంటే చాలు, వేళకు పలుకుతుంది.

"అవ్వా, అన్నీ ఇప్పుడే ఇనిపియ్యాల్నా?" అని అడిగింది.

"వద్దు."

"మరి తీసేయాల్నా? రోజూ గిట్ల భయపడుకుంట ఎట్లుంటవ్?"

"చెయ్యి వెట్టకు. ఆయన ఎప్పుడు మాట్లాడాలనుకున్నడో అప్పుడే మాట్లాడనీ."

మా అందరికీ విషయం తెలిసిపోయింది కనుక ఇక భయం ఉండదనుకున్నాను. కానీ తెలిసిన తర్వాతే ఆ ఇంట్లో ఏదో మారింది. రెండో సాయంత్రం వేళకు రూతక్క మిషన్ ఆపి, కుర్చీని కంప్యూటర్ వైపు తిప్పుకుని, తల దువ్వుకుని కూర్చుంది. "ఎంతసేపు కుడ్తవ్? జర టీ పెట్టరాదు, నేను గూడ తాగుత," అన్నాడు కొమురెల్లి. ఆమె లేచి టీ పెట్టింది. రెండు గ్లాసుల్లో పోసింది. ఒకటి తెర ముందు పెట్టింది. మీగడ కట్టి, చల్లారిపోయినా దాన్ని తీయనివ్వలేదు.

మూడో సాయంత్రం "పోయిన యేడు లెక్క కేకు మాడగొట్టకు," అని నవ్వాడు. నవ్వు మధ్యలో రైలు వెళ్లింది. ఆ రైలు రికార్డులోదో, నిజంగా గోడ వెనకదో మాకు తెలియలేదు. తెర వణికిందని గోరీ అంది. రూతక్క మాత్రం, "ఒక్కసారి మాడితె ఎన్నిసార్లంటవ్?" అని కసిరింది. మాటా మాటా పెరిగే మొగుడూ పెళ్లాల్లాగే. ఆ తర్వాత కూడా ఆమె చాలాసేపు ఏదో చెబుతూనే ఉంది. మిషన్ చెడిందని, ఎవరో జాకెట్ బిగుతైందన్నారని, సుమిత్ర సరిగ్గా తినడం లేదని.

సుమిత్ర నా దగ్గరికి వచ్చి ఏడ్చింది. "అక్కా, నాయిన పోయినప్పుడు గూడ ఇంత భయం గాలే. మా అవ్వ నాతోని మాట్లాడుడు బంద్ వెట్టింది. పొద్దంత సాయంత్రం కోసం ఎదురుచూస్తది."

"క్రిస్మస్ అయిపోతే ఆ మాటలు కూడా అయిపోతాయి కదా," అన్నాను.

"అయిపోతె ఏమైతదో అదే నా భయం," అంది.

ఇంతలో ఇరవై మూడు సాయంత్రం ఢిల్లీ నుంచి ఇంకో మాట వచ్చింది. ఇచ్చిన తెలంగాణ వెనక్కి పోయిందన్నారు. తెల్లారేసరికి రోడ్ల మీద టైర్లు కాలుతున్నాయి. రైళ్లు ఆగిపోయాయి. వెనక గోడ వణకడం మానేసింది. ఇన్నేళ్లలో మొదటిసారి మా వాడ అంత నిశ్శబ్దంగా ఉండటం చూశాను. ఆ నిశ్శబ్దంలో ఎవరి ఇంట్లో గిన్నె కదిలినా ఉలిక్కిపడేవాళ్లం. పాస్టరయ్య జనగామ నుంచి రావాలి. రాలేనని, చర్చిలో రాత్రి ఆరాధన ఉండదని ఫోన్ చేశాడు. క్రిస్మస్ ముందు రోజు చర్చి తలుపు మూసి ఉండటం వాడలో ముసలివాళ్లు కూడా ఎరగరు.

ఆ సాయంత్రం నేనూ రూతక్క ఇంట్లో ఉన్నాను. గోరీ కూడా. వేళ అయింది. గర్రుమని చిన్న చప్పుడు, తర్వాత ఊపిరి తీసుకున్న చప్పుడు.

"రూతూ, ఇయ్యాల చర్చికి పోవద్దు. అందర్ని మనింటికే పిలువు. పాట మనింట్లనే."

సుమిత్రే ముందు తేరుకుంది. "నాయిన కంప్యూటర్ పాట అందరికి ఇనిపిద్దామనుకున్నడు. గందుకే అట్లన్నడు. అంతే అవ్వా," అంది.

"చర్చి బంద్ ఉంటదని వేసవిలనే ఆయనకెట్ల తెల్సు?" అంది రూతక్క. మా జవాబు కోసం ఆగలేదు. కొంగు సర్దుకుని వాడలోకి బయల్దేరింది. ఐదు నెలల తర్వాత ఆమె ఇంటింటికీ వెళ్లింది. "మా ఆయన రమ్మంటున్నడు," అని పిలిచింది. ఆ పిలుపు విని కొందరు ప్రభువా అనుకున్నారట. అయినా వచ్చారు. చర్చి లేని క్రిస్మస్‌కు వాళ్లు మాత్రం ఎక్కడికి పోతారు?

గది నిండి, జనం వాకిట్లో కూడా కూర్చున్నారు. కొవ్వొత్తులు ముట్టించారు. కాసేపటికి కంప్యూటర్ దానంతటదే పాట మొదలుపెట్టింది. కొమురెల్లి సొంతంగా కట్టిన పాట అది. మగవాళ్లు పాడే వంతు తను పాడి, ఆడవాళ్ల వంతు వచ్చినచోట పాట ఆపి, ఊరికే చేత్తో బల్ల మీద తాళం వేశాడు. ఆ ఖాళీ ఎవరి కోసమో అందరికీ అర్థమైంది. మొదటిసారి ఖాళీ అట్లాగే పోయింది. రెండోసారి రూతక్క అందుకుంది. పెళ్లికి ముందు చర్చిలో ఆమెదే పై గొంతు. అతను పాడి ఆగడం, ఆమె పాడటం, మళ్లీ అతను. ఇద్దరి మధ్య తాళం తప్పలేదు. గోరీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మూడో చరణం మధ్యలో కరెంటు పోయింది. తెర మీది మంచు, స్టేషను, చుక్క ఒక్కసారి మాయమయ్యాయి. కొవ్వొత్తులే మిగిలాయి. రూతక్క పాట ఆపలేదు. తన వంతు పాడింది, ఆగింది, వింటున్నట్టు తల పక్కకు వంచింది, మళ్లీ తన వంతు అందుకుంది. అట్లా పాట చివరిదాకా పాడింది. ఆగినప్పుడల్లా ఆమె ఎంతసేపు ఆగాలో అంతసేపే ఆగింది. ఆ ఖాళీల్లో మాకు కొవ్వొత్తుల చిటపటలు తప్ప ఏమీ వినిపించలేదు. కనీసం నాకు వినిపించలేదు.

బయటికి వస్తూ గోరీ అడిగింది. "కరెంటు పోయినంక గూడ అన్న పాడిండు గదా?"

నేను ఆమె చెయ్యి పట్టుకుని ఎదురింటి గుమ్మం దాకా దింపి వచ్చాను.

కరెంటు వచ్చాక కంప్యూటర్ పెట్టి చూస్తే నల్లటి తెర తప్ప మరేమీ రాలేదు. మర్నాడు క్రిస్మస్. బగారన్నం వండలేదు. వేళకు రూతక్క తల దువ్వుకుని ఆ నల్లటి తెర ముందు కూర్చుంది. అందులో ఆమె ముఖమే ఆమెకు కనిపిస్తోంది. చీకటి బాగా ముదిరాక సుమిత్ర భుజం పట్టుకుని లేపింది.

"ఇయ్యాల్టి మాట మిగిలిపోయింది," అంది రూతక్క. "పండగనాటి మాట."

బస్సులు తిరగడం మొదలయ్యాక తల్లీ కూతుళ్లు ఆ పెట్టెను చీరలో చుట్టి జనగామ తీసుకెళ్లారు. అక్కడి మెకానిక్ విప్పి చూసి, లోపలిదంతా పోయింది, ఏదీ తిరిగి రాదన్నాడు. రూతక్క దాన్ని అక్కడ వదలకుండా ఇంటికే తెచ్చుకుంది.

ఉద్యమం ఆగి ఆగి నడిచింది. సమ్మెలు, లక్షల జనం, మళ్లీ ఆగిన రైళ్లు. సుమిత్ర నర్సింగ్ చదివి భూపాలపల్లిలో ఒక చిన్న దవాఖానలో చేరింది. ఎన్నిసార్లు రమ్మన్నా తల్లి ఇల్లు వదల్లేదు. రోజూ దీపాలు పెట్టే వేళకు మిషన్ ఆగిపోయేది. మా వాడ ఆ నిశ్శబ్దానికి అలవాటు పడింది. తర్వాత తెలంగాణ వచ్చింది. ఆ ఏటి డిసెంబరులో, సొంత రాష్ట్రంలో మొదటి క్రిస్మస్ అని సుమిత్ర పట్టుబడితే రూతక్క భూపాలపల్లి వెళ్లింది. అక్కడ జరిగింది సుమిత్రే నాకు తర్వాత చెప్పింది.

క్రిస్మస్‌నాటి సాయంత్రం సుమిత్ర తన కొత్త ల్యాప్‌టాప్‌లో పాటలు పెట్టింది. తల్లి చాలాసేపు చూసి, "అప్పుడు ఆ మాటలు అన్నీ ఇన్నవా నువ్వు?" అని అడిగింది.

సుమిత్ర పాట ఆపింది. "ఇన్న అవ్వా. నువ్వు బట్టలిచ్చేటందుకు పోయినప్పుడు."

"పండగనాటిది?"

"పండగనాటిది లేకుండె. ఫైలుకు పేరు రాసి పెట్టిండు గని, లోపల ఖాళీ. రికార్డు జెయ్యలే. నువ్వు ఎదురుచూస్తున్నవని నేనే నీకు చెప్పలే. కరెంటు పోయి కంప్యూటర్ ఖరాబైతె, మంచిదే అయిందనుకున్న."

తల్లి ఏడుస్తుందనో, తిడుతుందనో సుమిత్ర అనుకుంది. రూతక్క ముఖంలో ఇన్నేళ్ల నుంచి లేని వెలుగేదో వచ్చిందట.

"అయితే ఆ మాట ఆయన ఇంకా చెప్పనేలేదన్నట్టు," అంది.

ఇంకో రెండు రోజులు ఉండటానికి వచ్చిన మనిషి, మర్నాడు పొద్దున్నే సంచి సర్దుకుంది. ఎందుకని అడిగితే, పొద్దుగూకేసరికి మానుకోటలో ఉండాలంది. ఆయన మాట్లాడే వేళకు ఇంటికి తాళం వేసి ఉంటే బాగుండదంది. సుమిత్ర బస్టాండు దాకా వచ్చింది. బస్సు కదిలేదాకా కిటికీ పట్టుకుని నిలబడింది. రూతక్క మాత్రం డ్రైవర్ వైపే చూస్తూ, మధ్యమధ్యలో ఎండ ఎంత దూరం వచ్చిందో చూసుకుంటూ కూర్చుంది.